వీడ్కోలుపాటయు రాగవిస్తారమును

తెలుఁగు నాటకరంగమునఁ బద్యమును రాగముతోఁ జదువుటనుగూర్చి యొకకాలమునఁ బెద్దవాదము నడచినది. నటుఁడు పద్యము కడపటి యక్షరమును బట్టుకొని యూపిరియున్నంతవఱకు రాగము తీయఁగా ప్రేక్షకులు ‘వన్సుమోరు’ అని కేకలు వేయుటయు, పండితులు ముఖము త్రిప్పుకొనుటయు హరిశ్చంద్రనాటకపుఁ గాటిసీను చూచినవారెల్ల నెఱిఁగినదే. రాగము భావమును మ్రింగుచున్నదని యొకపక్షము. భావము పండినచోటనే రాగము పుట్టుచున్నదని మఱియొకపక్షము. ఈ వాదము తెలుఁగువారి సొత్తు మాత్రమే కాదు. అమెరికా దేశమున 1973లో రచింపఁబడి, 1992లో నొక చలనచిత్రముద్వారా లోకమంతట వ్యాపించిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ యను వీడ్కోలుపాట విషయమునను ఇదే వాదము పుట్టినది, నేఁటికిని తీఱలేదు. రచయిత్రి గొంతున మెల్లగా నున్న పాట గాయని గొంతునఁ బెద్దఘోషమైనదని కొందఱును, రచయిత్రి విత్తనముగా విడిచినదానిని గాయని వృక్షము గావించినదని కొందఱును జెప్పుదురు. రెండును పాటను సగము వినిన మాటలే.

పాట పుట్టుకను ముందు చూడవలయును. డాలీ పార్టన్ 1946లో టెన్నెసీ రాష్ట్రపుఁ గొండపల్లెలలోఁ బుట్టినది. 1967లో పోర్టర్ వాగనర్ అను ప్రసిద్ధగాయకుని టెలివిజను కార్యక్రమమునఁ జేరి, యాతనితోఁ గూడి యుగళగీతములు పాడి పేరు గడించినది. కొన్నియేండ్లకుఁ దనదారి తాను చూచుకొనవలెనను కోరిక కలిగినది. ఆతఁడు విడువఁడు, ఆమె నిలువలేదు. వాదులాడి లాభము లేదని తలఁచి, చెప్పవలసినదానిని పాటగా వ్రాసి, మఱునాఁ డాతని యెదుటఁ గూర్చుండి పాడినదనియు, ఆతఁడు కన్నీరు పెట్టుకొని పోనిచ్చెననియు నామె పలుమాఱులు చెప్పియున్నది. 1973 జూను నెలలో నాష్‌విల్ నగరమున ధ్వనిముద్రణము జరిగినది. 1974లో వెలువడి, కంట్రీగీతముల పట్టికలో మొదటిస్థానము నందుకొనినది. లోకమునందలి వియోగము పాటలోని వియోగమంత మృదువుగా జరుగలేదనుటయు నిచటఁ జెప్పఁదగియున్నది. 1979లో వాగనర్ ఆమెపై వ్యాజ్యము తెచ్చెను. అది న్యాయస్థానము వెలుపల రాజీతో ముగిసినది. పాట మాత్రము ఆ కలహపుమరక యంటక నిలిచినది.

ఇచట నాలంకారికులకు రుచించు విషయ మొకటి కలదు. ఈ పాట పుట్టినపుడు శృంగారగీతము కాదు. ఆశ్రయమిచ్చిన పెద్దవానియెడ నాశ్రయము పొందినదానికిఁ గల ప్రీతియే దీనికి మూలము. దేవ గురు నృపాదులు విషయముగాఁ గల రతిని రసమనక భావమని వ్యవహరించుట మనవారి మర్యాద. ఆ లెక్కను 1973నాఁటి పాట భావకావ్యము. 1992నాఁటి చిత్రమున నదియే, అక్షరము మాఱకయే, విప్రలంభశృంగారమైనది. విషయాలంబనము మాఱినంతనే శబ్దమంతయు వేఱొకవెలుఁగునఁ గనఁబడుట కింతకంటె స్పష్టమైన యుదాహరణము దొరకుట కష్టము. ఇట్లు మాఱుట కెడమిచ్చినది పాటలోని పేదఱికమే. ఎవరు ఎవరితోఁ బలుకుచున్నారు, వారి కేమి సంబంధము, ఏమి జరిగినది అను నంశములలో నొక్కటియు నందు లేదు. ఉపమ లేదు, రూపకము లేదు, ఊరిపేరు లేదు, ఋతువర్ణన లేదు. మాటలలోఁ బెక్కింటికి ఒక్కటే అచ్చు. శుద్ధమైన స్వభావోక్తి.

మూఁడు చిన్నచరణములు, వానినడుమ నొకేవాక్యపుఁ బల్లవి, పాట యింతియే. నిలిచినచోఁ నీకడ్డమగుదును గావునఁ బోవుచున్నానని మొదటిచరణపుఁ దాత్పర్యము. వెంటఁ దెచ్చుకొనునవి జ్ఞాపకములే, నీకుఁ గావలసినది నేను గాను అని రెండవదాని భావము. మూఁడవది యాశీర్వచనము: లోకము నిన్ను దయతోఁ జూడవలెననియు, కోరినవెల్ల నీకుఁ గలుగవలెననియు, అన్నిటికంటె మిన్నగాఁ బ్రేమ దొరకవలెననియు. నాయికాభేదములలో నీ పలుకుచున్నది యెవతెయని వెదకినచోఁ జిక్కు కలుగును. కోపము లేదు గనుక ఖండిత కాదు. చింతించుచుఁ గూర్చుండలేదు గనుక విరహోత్కంఠిత కాదు. భానుదత్తుఁడు రసమంజరిలో నధికముగాఁ జెప్పిన ప్రవత్స్యత్పతిక, పతి పయనమగుచుండఁగాఁ గుందునది. ఇచటఁ బయనమగుచున్నది నాయికయే. కన్నీటిని వలదనుచున్నదియు నామెయే. పోవువారే యోదార్చుట, అదియు నుండిపోవువారి మేలుకొఱకే పోవుచున్నామని చెప్పుచు నోదార్చుట, ఈ పాటకు ముఖ్యమైన ధ్వని. ఆ మేలు నిజమో, పోవలెనను కోరికకు వేసిన ముసుఁగో పాట చెప్పదు. వాగనర్‌వృత్తాంత మెఱిఁగినవారికి రెండును నిజమని తోఁచును.

పార్టన్ పాడిన తీరు ఈ మాటలకుఁ దగినదే. తీగవాద్యములు పలుచగా మ్రోయుచుండఁగా సన్నని వణఁకుగొంతుతోఁ బాడి, మూఁడవచరణమునకు వచ్చుసరికిఁ బాట నాపి, మాటలుగాఁ బలుకును. ఆశీర్వచనమును బాడరాదు, చెప్పవలయునని యామెకుఁ దోఁచినది. వచనముగాఁ బలికిన యా నాలుగు మాటలపిదపఁ బల్లవి మరల వచ్చునప్పటికి వినువాని గుండె కరఁగియుండును. ఈ చరణమున కెంత విలువయో తరువాతి చరిత్రమువలన బోధపడును.

కీర్తి కలిగిన వెనుక ఎల్విస్ ప్రెస్లీ యీ పాటను దానుఁ బాడఁగోరెను. ఆతని వ్యవహారకర్త టామ్ పార్కర్ ప్రచురణహక్కులో సగము వ్రాసియిచ్చిననే పాడించెదమని పట్టుపట్టెను. ఆ దినములలో నాతఁడు పాడుటయనఁగా నెట్టి రచయితకైనను బంట పండుటయే. పార్టన్ రాత్రియెల్ల నేడ్చినదఁట. కాని హక్కు నీయలేదు. కృతిభర్తకుఁ గృతినిచ్చి యగ్రహారము పొందిన కవుల చరిత్రలు చదివినవారి కీ తిరస్కారము వింతగాఁ దోఁపవచ్చును. ఐనను కృతినిచ్చుట వేఱు, కర్తృత్వములోఁ బాలు పంచుట వేఱు. పదునెనిమిదేండ్ల పిమ్మట నిదే పాట మఱియొక గొంతున లోకము నలుమూలలకుఁ బోయినపుడు రచయిత్రిభాగ మంతయు నామెకే దక్కుట కీ తిరస్కారమే కారణము.

1975లో లిండా రాన్‌స్టాట్ యను గాయని యీ పాటను దన సంపుటమునఁ జేర్చినది. ఈ పాఠమునఁ గడపటిచరణము లేదు. 1982లోఁ బార్టన్ తాను నటించిన యొక చిత్రమున మరల వీడ్కోలుఘట్టముననే పాడఁగా, ఆ పాటయే రెండవమాఱును గంట్రీపట్టిక మొదటిస్థానమున నిలిచినది. కాఁబట్టి చిత్రరంగమునకుఁ బాట క్రొత్తది కాదు. కంట్రీగీతములు వినువారి పరిధి దాఁటి పోవకుండుటయే కొఱఁత.

‘ది బాడీగార్డ్’ చిత్రకథను లారెన్స్ కాస్డన్ 1970 ప్రాంతముల దశకమున స్టీవ్ మెక్వీన్ అను నటుని మనస్సునందుంచుకొని వ్రాసెను. అది మిక్ జాక్సన్ దర్శకత్వమున, కెవిన్ కాస్ట్నర్ నాయకుఁడుగా, విట్నీ హ్యూస్టన్ నాయికగా, 1992 నవంబరులో వెలువడినది. నాయిక ప్రసిద్ధగాయని, నాయకుఁ డామెను గాపాడుటకు వచ్చిన యంగరక్షకుఁడు. తుదిఘట్టమునకు మొదట నెన్నుకొనినది వేఱొక పాట. అది యప్పటికే 1991నాఁటి మఱియొక చిత్రమునఁ జేరియుండుటచే దానిని విడువవలసివచ్చినది. అపుడు కాస్ట్నర్ పార్టన్‌పాటను సూచించెను. సంగీతనిర్మాత డేవిడ్ ఫాస్టర్ చేతికి వచ్చినది రాన్‌స్టాట్ పాఠము. మాతృకలో లోపమున్నచో దానినుండి పుట్టిన ప్రతులన్నిటను నా లోప ముండుట గ్రంథపరిష్కర్త లెఱిఁగినదే. ఇచటను నట్లే కావలసినది. అదృష్టవశమున ఫాస్టర్ రచయిత్రితో మాటాడఁగా నామె, మూఁడవచరణ మొకటి కలదు, దానిని విడువవలదని చెప్పి యందించినది. ఒక టెలిఫోను సంభాషణమువలన లుప్తపాఠము తిరిగి యెక్కినది.

చిత్రమున నీ పాటకు బీజము ముందే నాటఁబడినది. నాయికానాయకులు పానశాలలో నాట్యమాడునపుడు పాటల పెట్టెలో నొక పురుషకంఠమున నిదే పాట వినఁబడును. ఇంత దుఃఖపుఁబాటయా యని నాయిక నవ్వును. తుద నామెయే యా పాటను దనదిగాఁ బాడవలసివచ్చును. సంధులు సరిగాఁ గుదురని యీ కథలో నీ యొక్క బీజమునకు మాత్రము నిర్వహణము చక్కగాఁ గుదిరినది. విమర్శకులు చిత్రమును బెద్దగా మెచ్చలేదు, వారిని దప్పుపట్టఁబనిలేదు. ఐనను విమానముచెంత వీడ్కోలున నారంభమగు పాట చూచువారికిఁ గొత్తది గాక గుర్తుపట్టఁదగిన పాతదగుట కీ చిన్ని యేర్పాటే కారణము.

ఇఁక సంగీతము. పాశ్చాత్యులు ‘పవర్ బాలడ్’ అని పిలుచు గీతజాతి కొక యచ్చు కలదు. విలంబకాలమున మెల్లఁగా నారంభమై, చరణచరణమునకును వాద్యములు చేరి, నడుమ నొక వాద్యము ప్రత్యేకముగాఁ బలికి, పిమ్మట పెద్ద మృదంగఘాతముతో శ్రుతి పైకి లేచి, పల్లవి గొంతెత్తి పలుమాఱులు తిరుగును. ఈ యచ్చులోఁ బోసిన పాటలు వందలకొలఁది కలవు. వానిలోఁ బెక్కు, చరణము విని శ్రుతి ఎచట లేచునో ముందే చెప్పఁదగినవి. హ్యూస్టన్ పాట యా యచ్చులోనిదే. కాని మూఁడుచోట్ల దానిని మించినది.

మొదటిది మౌనము. ఆరంభచరణమంతయు, సుమారు ముప్పావు నిమిషము, వాద్యసహాయము లేక గొంతు మాత్రమే వినఁబడును. ఇట్లుండవలెనని పట్టుపట్టినవాఁడు కాస్ట్నర్. రేడియోలో నిట్టిది నడవదని వ్యాపారము తెలిసినవారికి సందేహము. నటునికి వ్యాపారముకంటె ఘట్టము ముఖ్యము. ఆమె ప్రేమయెంతయో తోడులేని గొంతే చూపవలెనని యాతని యూహ. శ్రుతిపెట్టె నూపకుండఁ బాడుమనిన మన గాయకులలో నెంద ఱొడఁబడుదురు? వాద్యములు పల్లవితోఁ బ్రవేశించునప్పటికి వినువాఁ డాసరాకొఱ కెదురుచూచుచుండును.

రెండవది పల్లవిలో నుత్తమపురుష సర్వనామము. ఆంగ్లమున నీ మాట యేకాక్షరము, అది యచ్చుతోనే ముగియును. నోరు తెఱచి యెంతసేపైన నిలుపవచ్చును. హ్యూస్టన్ న్యూవార్కు నగరపుఁ బ్రార్థనామందిరములలో గాయకురాలైన తల్లి సిస్సీ హ్యూస్టన్ యొద్ద నభ్యసించినది. నీగ్రోజాతివారని నాఁడు పిలువఁబడిన యాఫ్రికామూలపు అమెరికనుల భక్తిగానమున నొక్క యక్షరముమీఁదఁ బలుసంగతులు వేయుట యనుశ్రుతముగా వచ్చు సంప్రదాయము. ఆ సంగతులను దెచ్చి యామె యా యేకాక్షరముపై నుంచినది. ఫలితమేమనఁగా, పాటలో నంతవఱకుఁ దన్ను మఱచి యెదుటివాని మేలు పలుకుచున్న నాయిక, పల్లవిలోఁ ‘నేను’ అను మాటపై నిలిచి, కదలలేకపోవుచున్నది. చరణ మెంత త్యాగమో, పల్లవి యంత యహంభావము. ఈ వైరుధ్యము పార్టన్ పాటలోను గలదు. హ్యూస్టన్ సంగతులు దానిని బైటఁబెట్టినవి. ఈ పాటను దెలుఁగు చేయఁబూనినవారు మొదట జాఱిపడుచోటు నిదే. తెలుఁగున ‘ప్రేమింతును’ అనినఁ జాలును, కర్త క్రియలో నణఁగియుండును. ‘నేను’ అని వేఱుగాఁ జెప్పినను నది రెండక్షరములు, ఉకారాంతము. రాగమునకుఁ బట్టుకొమ్మ పోవును. అర్థము తెలుఁగునకు వచ్చును, పాట రాదు.

మూఁడవది లేచిన శ్రుతి. సాక్సఫోను పలుకుట ముగిసినపిదప మూఁడవచరణమును, పార్టన్ మాటలుగాఁ బలికినదానిని, హ్యూస్టన్ తగ్గుస్వరమున నారంభించి పాడును. పిమ్మట నొక్కక్షణ మంతయు నాఁగిపోవును. ఒక మృదంగఘాతము. ఆధారషడ్జమే పూర్ణస్వర మెత్తుకు, మన లెక్కను షడ్జమునుండి చతుశ్శ్రుతిరిషభమునకు, లేచును. కర్ణాటకసంగీతమునఁ బాట మొదలైనది మొదలు తుదివఱకు నాధారషడ్జము కదలదు; ఇల్లు నిలిచియుండఁగాఁ దిరుగుటయే మన గానము. ఆ చెవితో వినువాని కీ శ్రుతిభేద మిల్లే లేచిపోయినట్లుండును. పాశ్చాత్యులకిది యరిగిపోయిన యుపాయము. ఐన నిచట నుపాయముగాఁ దోఁపదు. ఏలయనఁగా దానికిముందు మూఁడవచరణ మున్నది. తనకుఁ దక్కనిదానిని నీకుఁ దక్కవలెనని దీవించినపిదప నాయికకుఁ జెప్పుటకు మాట మిగులలేదు. మాట యుడిగినచోట గొంతు లేచినది. రాన్‌స్టాట్ పాఠమునుబట్టి పాట కట్టియుండినచో, రెండవచరణముపిదప నిదే ఘాతము, ఇదే శ్రుతిభేదము వచ్చియుండును. అది యూరక యఱపుగా నుండెడిది. గాయనిని బొగడువారును నిందించువారును గూడ నీ చరణమును మఱతురు.

ఇంతవఱకు రాగము భావమునకు దాసియై నడచినది. తుదిపల్లవి తిరిగి తిరిగి వచ్చుచోట మాత్రము నిందించువారి మాటలోఁ గొంత సత్యము కలదు. లేచిన శ్రుతిపై పల్లవి మరల మరల మ్రోఁగుచుండఁగా వీడ్కోలు మఱుఁగుపడును. పోవుచున్నానను మాట చరణములలోనే కాని పల్లవిలో లేదు. పల్లవిలో నున్నది ప్రతిజ్ఞ మాత్రమే. చరణములు వెనుకఁబడి పల్లవి యొక్కటే మిగిలినపుడు దుఃఖము జయఘోషగా మాఱును. కడపటి స్వరములు సన్నగిల్లి, మెత్తబడి, వాద్యములతో నణఁగుట నిజమే. మొదటి భావమును మరల నెత్తుట కా మెత్తఁదనము చాలదు.

లోకమున నీ పాటకుఁ గలిగిన వింతగతి కిదియే మూలము. విడిపోవుటనుగూర్చిన పాటను బెండ్లిండ్లలోఁ బాడించుకొనుట యమెరికాలోను, పెఱదేశములలోను సాధారణమైనది. విమర్శకు లిది చూచి జనుల యజ్ఞానమును బరిహసింతురు. అజ్ఞానము కాదు. పల్లవి చెప్పినదానినే జనులు విన్నారు. పాట యా తుదిభాగమునఁ జెప్పినది ప్రతిజ్ఞయే. 2002లో ఇరాకు దేశమున సద్దాం హుస్సేన్ జనాభిప్రాయసేకరణము జరిపించుకొనినపుడు దీని యరబ్బీపాఠము ప్రచారగీతమైనది. పోవుచున్నానని చెప్పు పాట పోవుట కిష్టపడని ప్రభువున కుపయోగపడుట కంటె హాస్యరసమున కాలంబన మేమి కావలయును? అచటను జేతికి వచ్చినది పల్లవియే.

లెక్కలు వేగముగాఁ జెప్పి విడువవచ్చును. అమెరికా పట్టికలోఁ బదునాలుగు వారములు మొదటిస్థానము, అది యా నాఁటి కపూర్వము. ఇంగ్లండున పది వారములు. చిత్రగీతసంపుటము లోకమున నాలుగుకోట్లకుఁ బైగా నమ్ముడువోయినట్లు లెక్క. 1994లో గ్రామీ బహుమానములలో నుత్తమధ్వనిముద్రణ బహుమానము పాటకును, ఉత్తమసంపుట బహుమానము సంపుటమునకును వచ్చినవి. ఆస్కారు బహుమానమునకు మాత్రమిది పరిశీలనకే రాలేదు, చిత్రముకొఱకుఁ గొత్తగా వ్రాసినది కాదు గనుక. అదే చిత్రములోని వేఱు రెండుపాటలు పరిశీలనకుఁ బోయి యోడినవి. వాని నిపుడు తలఁచువా రీ పాటను దలఁచువారిలోఁ బదవవంతుండరు. నియమము న్యాయమే. కాని చిత్రముకొఱకుఁ బుట్టిన పాటకంటె, ఇరువదియేండ్లు లోకమునఁ దిరిగి మూఁడుగొంతులు మాఱి వచ్చిన పాట చిత్రమునకు హెచ్చుగా నతుకుట యా నియమము పట్టుకొనలేనిది.

పాటల పోటీలలో నిది పరీక్షాగీతమైనది. గొంతు బలము చూపఁగోరు బాలికలు దీనిని దలకెత్తుకొందురు. కాలపరిమితివలనఁ జరణములు కుదింపఁబడి, మృదంగఘాతముతోడి తుదిపల్లవియే వేదికకు వచ్చుట తఱచు. అనగా కాటిసీను పద్యములోఁ గడపటి యక్షరమును మాత్ర ముంచి మిగిలినదానిఁ ద్రోసివేయుట. శ్రోతలు చప్పట్లు కొట్టుదురు, ఆ చప్పట్లు దొంగవి కావు, గొంతును మెచ్చినవి. పాటను మెచ్చుట కచటఁ బాట లేదు.

2012 ఫిబ్రవరి 11వ తేదీని హ్యూస్టన్ మరణించినది. వారము దినములపిదప న్యూవార్కులో నామె బాల్యమునఁ బాడిన ప్రార్థనామందిరమున నంత్యక్రియ జరిగినది. శవపేటికను భుజముల నెత్తి వెలుపలికిఁ గొనిపోవునపు డీ ధ్వనిముద్రణమునే వినిపించిరి. ఆ వారములలోఁ బాట యిరువదియేండ్లకు మరల నమెరికా పట్టికకెక్కి మూఁడవస్థానమువఱకు వచ్చినది. ఆ మందిరమున గుమిగూడినవారికిఁ దుదిపల్లవి యక్కఱ లేకపోయినది. తోడువాద్యము లేని మొదటిచరణమున, పోవుచున్నానని పలుకు నా ముప్పావు నిమిషమున, పాట తన వాచ్యార్థమునకుఁ దిరిగి వచ్చినది.